కామెంట్ మారిస్తే బైనరీ ఎందుకు మారింది? కారణం పట్టుకోవడం ఎలా

ఫైల్ చివర ఒక చిన్న ఫంక్షన్ చేర్చారు. లేదా పైన ఎక్కడో రెండు లైన్ల కామెంట్ రాశారు. బిల్డ్ చేసి చూస్తే మీరు చెయ్యి కూడా పెట్టని ఫంక్షన్ అసెంబ్లీ మారిపోయి ఉంది. టెస్టింగ్ పూర్తయి సంతకాలు కూడా అయిపోయిన ఫర్మ్‌వేర్ అయితే టెన్షన్ ఇంకా ఎక్కువ. "కామెంటే కదా మార్చారు, హ్యాష్ ఎందుకు కలవట్లేదు?" అని అడిగినవాళ్లకి జవాబు చెప్పాలి. (హ్యాష్ అంటే ఫైల్లోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే చిన్న గుర్తు.)

ఏ మార్పు దేనికి సంబంధించింది అనే లెక్క మనం ఫంక్షన్ల వారీగా వేసుకుంటాం. కంపైలర్‌కి అందేది మాత్రం సోర్స్ ఫైల్, అందులోకి వచ్చి పడిన హెడర్లన్నీ కలిసిన ఒకే ముద్ద. ఏ ఫంక్షన్‌ని ఎవరు పిలుస్తున్నారు, ఎన్నిచోట్ల నుంచి పిలుస్తున్నారు, ఏ విలువలు పంపుతున్నారు అన్నది ఆ ముద్ద మొత్తం చూసుకున్నాకే అది నిర్ణయాలు తీసుకుంటుంది. కాబట్టి "సంబంధం లేని మార్పు" అని మనం అనుకునేవాటిలో చాలావాటికి దాని దృష్టిలో సంబంధం ఉంటుంది.

కింద రాసిందంతా లినక్స్‌లో, ఎక్స్86-64 మెషీన్ మీద, జీసీసీ లేదా క్లాంగ్‌తో సీ, సీ++ కంపైల్ చేసేవాళ్ల కోసం. కమాండ్లు, ఆప్షన్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి, టెర్మినల్‌లో ఎప్పటిలాగే కొట్టుకోండి. మెట్ల వరుస మాత్రం మార్చకండి. చాలామంది నేరుగా డిస్‌అసెంబ్లీ తెరిచి వేల లైన్ల డిఫ్‌లో కూరుకుపోతారు. అందులో ముప్పావు వంతు చెత్తే ఉంటుంది. ముందు ఆ చెత్త తీసేయాలి.

1. అసలు ఏమీ మార్చకుండా రెండుసార్లు బిల్డ్ చేయండి

పాత సోర్స్‌నే తీసుకుని, క్లీన్ చేసి రెండుసార్లు కంపైల్ చేయండి. రెండోసారి వేరే డైరెక్టరీలో పెట్టి చేస్తే ఇంకా మంచిది. రెండింటికీ షా256సమ్ కొట్టి చూడండి. ఇక్కడే తేడా వస్తే మీ ఎడిట్‌కీ దీనికీ సంబంధమే లేదు, మీ బిల్డే ప్రతిసారీ మారుతోంది.

ఇలా మారడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ అవే. కోడ్‌లో ఎవరో డేట్, టైమ్ మాక్రోలు వాడి ఉంటారు. -డబ్ల్యూడేట్-టైమ్ అనే వార్నింగ్ ఆన్ చేస్తే ఏ ఫైల్లో ఉన్నాయో చూపిస్తుంది. వాటిని తీసేయలేని పరిస్థితి ఉంటే సోర్స్_డేట్_ఎపోక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి ఒక స్థిరమైన టైమ్ ఇవ్వండి, జీసీసీ 7 నుంచి ఆ విలువనే తీసుకుంటుంది. రెండో కారణం డైరెక్టరీ పాత్. ఫైల్ మాక్రో వల్లో, డీబగ్ సమాచారం వల్లో మీ హోమ్ ఫోల్డర్ పేరు బైనరీలోకి ఎక్కుతుంది. జీసీసీ 8 నుంచి ఉన్న -ఎఫ్‌ఫైల్-ప్రిఫిక్స్-మ్యాప్ ఆప్షన్ దాన్ని సరిచేస్తుంది. మూడోది ఏఆర్‌తో కట్టిన స్టాటిక్ లైబ్రరీల్లో ఉండే టైమ్‌స్టాంపులు. డీ (పెద్దక్షరం) అనే మాడిఫయర్ ఇస్తే సున్నా అయిపోతాయి.

అందరూ మర్చిపోయేది ఇంకొకటి ఉంది. వెర్షన్ స్ట్రింగ్‌లో గిట్ కమిట్ హ్యాష్ పెట్టే స్క్రిప్ట్. కామెంట్ మార్చి కమిట్ చేస్తే హ్యాష్ మారుతుంది, దాంతోపాటే బైనరీ. గంటల తరబడి అసెంబ్లీ చదివే ముందు ఈ ఒక్కటి చూసుకోండి.

2. ఫైనల్ బైనరీని వదిలి .ఓ ఫైళ్లు పోల్చండి

ఒక్కో సోర్స్ ఫైల్‌ని కంపైల్ చేస్తే వచ్చేది .ఓ ఫైల్, వాటన్నిటినీ కలిపి ప్రోగ్రామ్‌గా కట్టేది లింకర్. లింక్ అయిపోయిన ప్రోగ్రామ్‌లో ఒక ఫంక్షన్ 16 బైట్లు పెరిగితే దాని తర్వాతవన్నీ జరుగుతాయి. కాల్ ఇన్‌స్ట్రక్షన్లలో దూరాలు మారతాయి, గ్లోబల్ వేరియబుల్స్‌కి ఉన్న దూరాలు కూడా మారతాయి. బైట్లు పోలిస్తే అంతా ఎర్రగా కనబడుతుంది, నిజానికి మారింది ఒక్క ఫంక్షనే.

దీనికి తోడు బిల్డ్-ఐడీ ఒకటి. జీఎన్‌యూ లింకర్ మామూలుగా ఫైల్లో ఉన్న విషయం మొత్తానికి షా1 తీసి 20 బైట్ల గుర్తుగా లోపల పెడుతుంది. మీరు కామెంట్ చేర్చారు, లైన్ నంబర్లు జరిగాయి, డీబగ్ సమాచారం మారింది, బిల్డ్-ఐడీ మారింది. తర్వాత స్ట్రిప్ చేస్తే డీబగ్ సమాచారం పోతుంది కానీ బిల్డ్-ఐడీ అలాగే ఉంటుంది. అంటే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా మారకుండానే స్ట్రిప్ చేసిన బైనరీ హ్యాష్ మారిపోతుంది. డీబగ్ ఫైల్ విడిగా పెట్టుకునేవాళ్లకి డీబగ్‌లింక్ సెక్షన్‌లో ఉండే సీఆర్‌సీ (చెక్‌సమ్) కూడా ఇలాగే మారుతుంది. పోలిక కోసం చేసే బిల్డ్‌లో లింకర్‌కి బిల్డ్-ఐడీ=నన్ అని ఇచ్చేయండి.

పోలికకి నేను వాడే పద్ధతి ఇది: రెండు వెర్షన్లనీ -ఎఫ్‌ఫంక్షన్-సెక్షన్స్ ఆప్షన్‌తో కంపైల్ చేయాలి. అప్పుడు ప్రతి ఫంక్షన్‌కీ సొంత సెక్షన్ వస్తుంది, అడ్రస్ సున్నా నుంచి మొదలవుతుంది. పక్క ఫంక్షన్ ఎంత పెరిగినా దీని అడ్రసులు కదలవు. తర్వాత .ఓ ఫైల్ మీద ఆబ్జ్‌డంప్‌ని -డీ, -ఆర్ (రెండూ చిన్నక్షరాలే) ఇచ్చి, ముడి బైట్లు చూపించొద్దని చెప్పి నడపండి. -ఆర్ వల్ల, లింకర్ ఇంకా పూరించని చోట్ల సున్నాలతో పాటు ఏ పేరుకి ముడిపడి ఉందో కూడా కనిపిస్తుంది. ఇప్పుడు డిఫ్ కొట్టండి. వేల లైన్ల తేడా ఇక్కడికి వచ్చేసరికి పదో, ఇరవయ్యో లైన్లకి దిగడం మామూలే.

మిగిలినవాటిలో డాట్ ఎల్‌తో మొదలయ్యే లేబుల్ నంబర్లు, స్ట్రింగ్‌ల ఆఫ్‌సెట్లు, పాత జీసీసీలో లోకల్ స్టాటిక్ వేరియబుల్స్ పేర్ల చివర వచ్చే అంకెలు కనిపిస్తే పట్టించుకోకండి. హెడర్‌లో ఒక డిక్లరేషన్ పెరిగినా ఆ అంకెలు మారిపోతుండేవి.

3. లైన్ నంబర్ మీద అనుమానం ఉంటే కామెంట్‌ని పక్కకి జరపండి

కామెంట్ వల్ల ఇన్‌స్ట్రక్షన్లు నిజంగానే మారే సందర్భం ఒకటుంది. అది అసర్ట్, అంటే ఒక షరతు నిజమో కాదో ప్రోగ్రామ్ నడుస్తుండగా చూసే మాక్రో. ఫెయిలైనప్పుడు ఫైల్ పేరు, లైన్ నంబర్ చూపించాలి కాబట్టి ఆ నంబర్ కోడ్‌లోనే ఉంటుంది. 42వ లైన్లో ఉన్న అసర్ట్ పైన మీరు ఒక లైన్ కామెంట్ చేర్చారనుకోండి. డిఫ్‌లో ఈడీఎక్స్ రిజిస్టర్‌లోకి వెళ్లే విలువ హెక్స్‌లో 2ఏ ఉన్నచోట 2బీ అవుతుంది. అంతే తేడా. మీ ప్రాజెక్టులో లాగింగ్ మాక్రోలు ఉంటే అవి కూడా ఇదే పని చేస్తాయి, పెద్ద ఫైల్లో ఇలాంటివి వందల్లో ఉండొచ్చు.

తేల్చుకోవడం చాలా తేలిక. కొత్త లైన్ వేయకుండా అదే కామెంట్‌ని ఇప్పటికే ఉన్న ఒక లైన్ చివర రాసి కంపైల్ చేయండి. తేడా మాయమైతే దోషి లైన్ నంబరే. పెద్ద మార్పయితే చేర్చిన భాగం కింద #లైన్ డైరెక్టివ్ పెట్టి, నంబర్లు పాత వరుసలోకి వచ్చేలా చేసి చూడండి. ఇది పరీక్ష కోసమే, ఆ డైరెక్టివ్‌ని కమిట్ చేయకండి. తర్వాత చదివేవాళ్లు తిట్టుకుంటారు.

రస్ట్‌లో పానిక్ వచ్చే చోటికి లైన్‌తో పాటు కాలమ్ నంబర్ కూడా బైనరీలో ఉంటుంది, కాబట్టి ఇండెంటేషన్ మార్చినా తేడా రావచ్చు. గోలో లైన్ల పట్టిక ప్రోగ్రామ్‌లో భాగం, స్ట్రిప్ చేసినా పోదు.

4. ప్రీప్రాసెసర్ దాటాక ఏముందో చూడండి

-ఈ, -పీ (రెండూ పెద్దక్షరాలే) ఆప్షన్లతో రెండు వెర్షన్ల ప్రీప్రాసెస్ అయిన రూపాలు తీసి డిఫ్ చేయండి. కామెంట్లు, లైన్ గుర్తులు అన్నీ పోతాయి కాబట్టి కంపైలర్ చూసిన అసలు పాఠం ఇదే. ఇక్కడ మీరు ఊహించని మార్పు కనిపిస్తే దారి దొరికినట్టే: కొత్తగా ఇంక్లూడ్ చేసిన హెడర్ ఒక మాక్రోని మార్చి ఉంటుంది. సీ++లో అయితే కొత్త ఓవర్‌లోడ్ ఒకటి కంటబడి, పాత కాల్ నిశ్శబ్దంగా దానివైపు తిరిగి ఉండొచ్చు. మీరు చేసిన మార్పు తప్ప ఇంకేమీ లేకపోతే అయిదో మెట్టుకి రండి. అసలు పని అక్కడే.

5. ఇన్‌లైనింగ్ నిర్ణయం మారిందేమో పట్టుకోండి

ఇన్‌లైనింగ్ అంటే ఫంక్షన్‌ని పిలిచే బదులు దాని కోడ్‌ని పిలిచేచోటే కలిపేయడం. ఒక ఉదాహరణని దగ్గరగా చూద్దాం. ఫైల్లో స్కేల్ అని ఒక స్టాటిక్ ఫంక్షన్ ఉంది. పాతిక లైన్లు ఉంటుంది, లోపల ఒక లూప్, లూప్‌లో అన్‌సైన్డ్ విలువని ఆర్గ్యుమెంట్‌గా వచ్చిన అంకెతో భాగిస్తుంది. దాన్ని రెండర్ అనే ఒక్క ఫంక్షన్ మాత్రమే పిలుస్తుంది, అది కూడా ఎప్పుడూ 8తోనే. -ఓ2 ఆప్టిమైజేషన్ స్థాయిలో జీసీసీ ఏం చేస్తుంది? స్టాటిక్ ఫంక్షన్, పిలిచేవాళ్లు ఒక్కరే. రెండర్‌లో కలిపేస్తే విడి కాపీ అక్కర్లేదు, సైజు పెరగదు. అందుకని ఎంత పెద్దదైనా దాదాపుగా కలిపేస్తుంది. కలిపాక 8 అనే విలువ తెలిసిపోతుంది కాబట్టి భాగహారం పోయి, మూడు బిట్లు కుడికి జరిపే షిఫ్ట్ వస్తుంది.

ఇప్పుడు మీరు ఫైల్ చివర డీబగ్ కోసం ఒక కొత్త ఫంక్షన్ రాసి, అందులో స్కేల్‌ని 10తో పిలిచారు. రెండర్‌ని ముట్టుకోలేదు. కానీ స్కేల్‌కి ఇప్పుడు పిలిచేవాళ్లు ఇద్దరు. ఇద్దరిలోనూ కలపాలంటే రెండు కాపీలు, అంత పెద్ద ఫంక్షన్‌కి అది గిట్టదు. ఫలితంగా స్కేల్ విడి ఫంక్షన్‌గా నిలబడుతుంది. రెండర్‌లో షిఫ్ట్ ఉన్నచోట కాల్ వచ్చి కూర్చుంటుంది. స్కేల్‌కి వచ్చే అంకె 8 కావచ్చు, 10 కావచ్చు కాబట్టి లోపల ఇప్పుడు నిజమైన భాగహారం ఇన్‌స్ట్రక్షనే ఉంటుంది.

తేడా అక్కడితో ఆగదు. లినక్స్ కాలింగ్ కన్వెన్షన్ ప్రకారం ఒక కాల్ దాటి విలువలు చెక్కుచెదరకుండా ఉండేది, స్టాక్ పాయింటర్ కాక, ఆర్‌బీఎక్స్, ఆర్‌బీపీ, ఆర్12 నుంచి ఆర్15 వరకు ఉన్న రిజిస్టర్లలోనే. రెండర్ తన వేరియబుల్స్‌ని వాటిలోకి మార్చుకోవాలి, వాటి పాత విలువలని మొదట్లో పుష్ చేసి చివర్లో పాప్ చేయాలి. అంటే కాల్ వచ్చింది ఒక చోటే అయినా రిజిస్టర్ పేర్లు మొదటి నుంచి చివరి దాకా మారతాయి. డిఫ్‌లో ఫంక్షన్ అంతా తిరగరాసినట్టు కనిపించడానికి కారణం ఇదే. రిజిస్టర్ పేర్లు చూసి బెదిరిపోకండి, కాల్ ఇన్‌స్ట్రక్షన్ల సంఖ్య ముందు లెక్కపెట్టండి.

క్లాంగ్‌లోనూ లెక్క ఇలాంటిదే, అంకెల్లో ఇంకా బాగా కనిపిస్తుంది. ఇన్‌లైన్ చేయడానికి మామూలు హద్దు 225. స్టాటిక్ ఫంక్షన్‌కి మిగిలిన ఒకే ఒక్క కాల్ అయితే 15,000 బోనస్ ఇస్తుంది. రెండో కాల్ రాగానే ఆ బోనస్ మొత్తం పోతుంది.

దీన్ని నిర్ధారించుకోవడానికి ముందు రెండు .ఓ ఫైళ్ల మీద ఎన్ఎమ్ నడిపి సింబల్ పేర్లు పోల్చండి. కొత్తగా స్కేల్ అనే పేరు పుట్టుకొచ్చిందా? పేర్ల వెనక తోకలు చూడండి: .కాన్స్ట్‌ప్రాప్ ఉంటే స్థిరమైన విలువకి ప్రత్యేకంగా కోసిన కాపీ, .ఐఎస్ఆర్ఏ ఉంటే ఆర్గ్యుమెంట్లు మార్చిన రూపం, .పార్ట్ ఉంటే సగం ఇన్‌లైన్ అయి మిగిలిన ముక్క, .కోల్డ్ ఉంటే అరుదుగా నడుస్తుందని పక్కన పెట్టిన భాగం. రెండు వెర్షన్లలో ఈ జాబితా కలవకపోతే నిర్ణయాలు మారినట్టే. తర్వాత కంపైలర్‌నే అడగండి. జీసీసీకి -ఎఫ్ఆప్ట్-ఇన్ఫో-ఇన్‌లైన్, క్లాంగ్‌కి -ఆర్‌పాస్=ఇన్‌లైన్ ఇస్తే ఎవరిని ఎవరిలో కలిపిందో లైన్ నంబర్లతో చెబుతుంది. ఎందుకు కలపలేదో కావాలంటే రెండింటికీ మిస్డ్ అనే రూపం ఉంది. ఆఖరి రుజువుగా పాత, కొత్త వెర్షన్లు రెండింటిలోనూ స్కేల్‌కి నోఇన్‌లైన్ యాట్రిబ్యూట్ పెట్టి మళ్లీ పోల్చండి. రెండర్‌లో తేడా పోతే లేదా బాగా తగ్గితే కేసు తేలిపోయినట్టే. 8, 10 విలువల గొడవ మాత్రం ఇంకా మిగిలి ఉంటే, నోఇన్‌లైన్ బదులు జీసీసీలో నోఐపీఏ పెట్టండి. ఫంక్షన్ల మధ్య సమాచారం పంచుకోవడమే ఆపేస్తుంది.

పెద్ద ఫైళ్లలో ఇంకో తలనొప్పి ఉంది. జీసీసీ ఫైల్ మొత్తానికి ఒక బడ్జెట్ పెట్టుకుంటుంది. ఒక సైజు దాటిన ఫైల్ ఇన్‌లైనింగ్ వల్ల ఇంత శాతానికి మించి పెరగకూడదు అనే హద్దు, పేరు ఇన్‌లైన్-యూనిట్-గ్రోత్. మీరు చేర్చిన ఫంక్షన్ స్కేల్‌ని పిలవకపోయినా సరే, ఆ బడ్జెట్‌లో కొంత తినేస్తే ఎక్కడో మూడు వేల లైన్ల అవతల ఇంకో ఫంక్షన్‌కి అవకాశం పోతుంది. ఈ రకం మార్పుని కళ్లతో చూసి ఊహించడం ఎవరి వల్లా కాదు. ఆ హద్దుని పరామ్ ఆప్షన్‌తో బాగా పెంచి రెండు వెర్షన్లూ పోల్చండి.

ఇన్‌లైన్ కాని ఫంక్షన్ల మధ్య కూడా లీకు ఉంటుంది. పిలవబడే ఫంక్షన్ ఏ రిజిస్టర్లు వాడుతుందో అదే ఫైల్లో తెలిస్తే, వాడనివాటిని పిలిచేవాడు దాచుకోకుండా వదిలేస్తాడు. లోపలి ఫంక్షన్‌లో మీరు ఒక లైన్ చేర్చి ఇంకో రిజిస్టర్ అవసరమైతే, పిలిచే ఫంక్షన్ కోడ్ మారుతుంది. -ఎఫ్‌నో-ఐపీఏ-ఆర్ఏ పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఇక -ఎఫ్ఎల్‌టీఓ (లింక్ చేసేటప్పుడు ఫైళ్లన్నిటినీ కలిపి ఆప్టిమైజ్ చేసే ఆప్షన్) ఆన్‌లో ఉంటే పైన "ఫైల్" అన్నచోటల్లా "ప్రోగ్రామ్ మొత్తం" అని చదువుకోండి. పోలిక కోసమైనా దాన్ని ఆపి చూడడం మంచిది.

6. కోడ్ అదే, స్పీడ్ మాత్రం మారితే

ఫంక్షన్ ఇన్‌స్ట్రక్షన్లు అచ్చం అలాగే ఉన్నా బెంచ్‌మార్క్ నాలుగైదు శాతం పడిపోవచ్చు. ముందున్న ఫంక్షన్ పెరగడం వల్ల మీ లూప్ వేరే అడ్రస్‌కి జరిగి ఉంటుంది. ఫంక్షన్లు సాధారణంగా 16 బైట్ల హద్దు మీద మొదలవుతాయి, కానీ ప్రాసెసర్‌కి 32, 64 బైట్ల హద్దులు కూడా ముఖ్యమే. 2019 నవంబరులో ఇంటెల్ స్కైలేక్ కుటుంబానికి వచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్పు తర్వాత, 32 బైట్ల హద్దుని దాటే లేదా సరిగ్గా అక్కడ ముగిసే జంప్ ఇన్‌స్ట్రక్షన్లు డీకోడ్ క్యాష్‌లో (విప్పిన ఇన్‌స్ట్రక్షన్లని ప్రాసెసర్ దాచుకునే చోట్లో) నిలవవు. అలాంటి ప్రాసెసర్ మీద లూప్ చివరి జంప్ రెండు బైట్లు జరిగినా టైమింగ్‌లో కనిపిస్తుంది. జీఎన్‌యూ అసెంబ్లర్‌లో దీనికోసమే జంపులని 32 బైట్ల లోపల ఉంచే ఆప్షన్ చేర్చారు.

జంప్‌లు తామే సైజు మారతాయి కూడా. కండిషనల్ జంప్ గమ్యం ఒక బైట్‌లో పట్టేంత దూరంలో, అంటే ముందుకి 127 బైట్ల లోపు ఉంటే 2 బైట్లు చాలు. ఆ దూరం దాటితే 6 బైట్లు కావాలి. మధ్యలో ఒక్క ఇన్‌స్ట్రక్షన్ చేర్చినందుకు కింద ఉన్నవన్నీ జరగడం ఇందువల్లే.

పరీక్ష: -ఎఫ్అలైన్-ఫంక్షన్స్=64, -ఎఫ్అలైన్-లూప్స్=32 పెట్టి రెండు వెర్షన్లనీ మళ్లీ కొలవండి. లింక్ చేసేటప్పుడు .ఓ ఫైళ్ల వరుస మార్చి కూడా కొలవండి. ఇది చాదస్తం కాదు. 2009లో వచ్చిన ఒక పరిశోధన పత్రం ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ సైజు మార్చినా, లింక్ వరుస మార్చినా -ఓ3 వల్ల లాభమా నష్టమా అనే తీర్పే తారుమారవుతుందని చూపించింది. "నా ప్యాచ్‌తో 3 శాతం మెరుగు" అని ఒకే ఒక్క బిల్డ్ చూసి రాసిన రిపోర్టుని నేనైతే నమ్మను.

7. ప్రోగ్రామ్ ఇచ్చే జవాబే మారితే

ఇక్కడ వైఖరి మార్చుకోవాలి. ఇంతవరకు చూసినవి అమాయకమైన మార్పులు. ఫలితం మారిందంటే ముందు మీ కోడ్‌నే అనుమానించండి. ప్రింట్ఎఫ్ పెడితే బగ్ పోతోంది, తీస్తే వస్తోంది అనేది అందరికీ అనుభవమే. విలువ పెట్టకుండా చదివిన లోకల్ వేరియబుల్, అరేకి ఒక గడి బయట రాసిన రాత ఇలాంటివి స్టాక్ అమరికని బట్టి ఒకరోజు దాక్కుంటాయి, ఒకరోజు బయటపడతాయి. మీ "సంబంధం లేని" ఎడిట్ ఆ అమరికని కదిలించింది. పాత వెర్షన్‌ని కూడా వదలకుండా రెండింటినీ అడ్రస్ శానిటైజర్, యూబీ శానిటైజర్‌లతో నడపండి, ఇవి ప్రోగ్రామ్ నడుస్తుండగా ఇలాంటి తప్పులు పట్టే కంపైలర్ పరికరాలు. విలువ పెట్టని వేరియబుల్స్‌కి వాల్‌గ్రైండ్ లేదా క్లాంగ్ మెమరీ శానిటైజర్ కావాలి, త్రెడ్లు ఉంటే త్రెడ్ శానిటైజర్.

దశాంశాల్లో ఆఖరి అంకె మారితే కథ వేరు. గుణించి కూడే లెక్కని ఒకే ఇన్‌స్ట్రక్షన్‌గా చేసే ఎఫ్ఎమ్ఏ మధ్యలో రౌండ్ చేయదు, ఆఖరిసారి మాత్రమే చేస్తుంది. జీసీసీ మామూలుగానే దీన్ని అనుమతిస్తుంది. ఆర్మ్64లో ఆ ఇన్‌స్ట్రక్షన్ ఎప్పుడూ ఉంటుంది, ఎక్స్86లో -మార్చ్=నేటివ్ లాంటిది ఇస్తే వస్తుంది. గుణకారం ఒక చిన్న ఫంక్షన్‌లో, కూడిక దాన్ని పిలిచేచోట ఉంటే, ఇన్‌లైన్ అయినప్పుడే రెండూ కలుస్తాయి. అంటే అయిదో మెట్టులోని ఇన్‌లైనింగ్ తేడా ఇక్కడ మీ రిపోర్టులో ఆఖరి అంకెగా బయటపడుతుంది. -ఎఫ్ఎఫ్‌పీ-కాంట్రాక్ట్=ఆఫ్ పెట్టి రెండూ కలుస్తాయేమో చూడండి. పాత 32 బిట్ల కోడ్‌లో అయితే రిజిస్టర్‌లో 80 బిట్లు, మెమరీకి వెళ్తే 64 బిట్లు కాబట్టి రిజిస్టర్ల పంపకం మారినా జవాబు మారుతుంది. జీసీసీ బగ్‌జిల్లాలో 323వ నంబర్ బగ్ దీని గురించే, ఏళ్ల తరబడి జనం అదే ఫిర్యాదుతో అక్కడికి వచ్చారు.

8. అన్నీ అయ్యాక కంపైలర్ మీదికి వెళ్లండి

నిజమైన కంపైలర్ బగ్‌లు ఇక్కడ రెండు రకాలు. ఒకటి, -జీ ఇచ్చినా ఇవ్వకపోయినా ఇన్‌స్ట్రక్షన్లు ఒకేలా ఉండాలనే నియమం తప్పడం. జీసీసీలో -ఎఫ్‌కంపేర్-డీబగ్ ఇస్తే అదే రెండుసార్లు కంపైల్ చేసి పోల్చి, తేడా ఉంటే ఎర్రర్ ఇస్తుంది. రెండోది, కంపైలర్ లోపల పాయింటర్ల అడ్రసులని బట్టి వరుస మారే హ్యాష్ టేబుల్. దీనికి ఒకే ఫైల్‌ని లూప్‌లో చాలాసార్లు కంపైల్ చేసి హ్యాష్‌లు చూడండి. అప్పుడప్పుడు మారుతూ, సెట్‌ఆర్చ్ -ఆర్ (పెద్దక్షరం)తో అడ్రస్ రాండమైజేషన్ ఆపితే మాత్రం నిలకడగా ఉంటే, అది గట్టి ఆధారం.

అలాంటిది దొరికితే -సేవ్-టెంప్స్‌తో ప్రీప్రాసెస్ అయిన ఫైల్ తీసుకుని, సీ-రెడ్యూస్ లేదా సీవైజ్‌తో వీలైనంత చిన్నది చేయండి. బగ్ రిపోర్టులో ఆ ఫైల్, వాడిన ఆప్షన్లన్నీ, జీసీసీ -వీ ఇచ్చిన మొత్తం పాఠం పెట్టండి. కంపెనీ కోడ్ అయితే కుదించాక కూడా ఫంక్షన్ల పేర్లు, స్ట్రింగ్‌లు బయటపెట్టకూడనివేమైనా మిగిలాయేమో చూసుకుని పంపండి.